కొమ్ము విరిచి చూస్తే

దుగ్గిరాల పసుపు యార్డులో పైమెరుగు చూసి ఎవరూ ధర కట్టరు. బస్తాలోంచి కొమ్ము తీసి, పుటుక్కున విరిచి, లోపలి రంగు చూస్తారు. ఫ్యాక్టరీలు పాడుచేసిన నేలను బాగుచేసి జనానికి అప్పగిస్తామన్నప్పుడు కూడా అలాగే చూడాలి.

అమెరికాలోని సియాటిల్‌లో గ్యాస్ వర్క్స్ పార్కు ఉంది. అక్కడి పచ్చని గుట్ట మీద పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. గుట్ట కడుపులో ఉన్నది మాత్రం 1906 నుంచి 1956 దాకా బొగ్గు, నూనెల నుంచి గ్యాసు తీసిన ప్లాంటు శిథిలాలు, చెడిన మట్టి. రిచర్డ్ హాగ్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ తుప్పు పట్టిన టవర్లను కూల్చనివ్వలేదు. మురుగు బురద, రంపపు పొట్టు కలిపి నేల దున్నించాడు, సూక్ష్మజీవులు నూనెను తినేస్తాయని. 1975లో పార్కు తెరిచారు. సూక్ష్మజీవులు కొంత తిన్నాయి, అంతా తినలేదు. 1984లో పరీక్షల్లో విషాలు బయటపడితే పార్కును కొన్నాళ్లు మూసేశారు. తర్వాత కొత్త మట్టి కప్పారు, భూమిలోకి గాలి ఎక్కించారు. పార్కు పక్కనే ఉన్న సరస్సులోకి ఒడ్డు నుంచి దిగనివ్వరు.

ఇటు హైదరాబాద్ దక్షిణాన కాటేదాన్, నూర్ మహమ్మద్ కుంట. బ్యాటరీలు, లోహపు పూతలు, నూనెలు, రసాయనాల ఫ్యాక్టరీల మధ్య చెరువు. కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం, ఆర్సెనిక్ మితిమీరి ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించారు. 2010 నాటి ప్రపంచ బ్యాంకు పథకంలో శుద్ధికి ఎంచుకున్న చోట్లలో ఈ కుంట ఒకటి.

హాగ్ పద్ధతి ఇక్కడ పనికిరాదు. నూనెను సూక్ష్మజీవి కొంతైనా అరిగించుకుంటుంది, సీసాన్ని ఏదీ అరిగించుకోదు. ఉన్నచోటే కప్పిపెట్టాలి, లేదా తవ్వి మరోచోటికి మోయాలి. దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే కేంద్రం ఉంది, కానీ ఆ చుట్టుపక్కలా మనుషులే ఉన్నారు.

అంతకన్నా నన్ను కలవరపెట్టే తేడా ఇంకొకటుంది. సియాటిల్‌లో ప్లాంటు ఆగాకే బాగుచేయడం మొదలైంది. కాటేదాన్‌లో ఫ్యాక్టరీలు నడుస్తూనే ఉన్నాయి. వచ్చే మురికినీటికి అడ్డుకట్ట వేయకుండా పూడిక తీయడమంటే, వాన పడుతుండగా కళ్లంలో పసుపు ఆరబోయడమే.

సియాటిల్ పార్కు పరిశుభ్రమని నేననను. పొరపాటు తెలిసిన రోజున గేటు మూసిన తీరు నాకు నచ్చింది. కాటేదాన్‌కు ముందు కావలసింది ఆ నిజాయితీయే. కుంట కట్ట మీద నడిచే మనిషికి అడుగు బురదలో ఏముందో తెలుగులో, ఉర్దూలో చెప్పే బోర్డు పెట్టాలి. దాని మీద పరీక్ష చేసిన తేదీ ఉండాలి. ఏటా ఆ తేదీ మారాలి.