మారని చిరునామా

వెబ్బును కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లో వ్రాసిన ఒక వ్యాసమున, చిరునామాలు తమంతట తాము మారవనియు, మనుష్యులే మార్చుచున్నారనియు వాదించెను. రచయిత పేరు, ఫైలు రకము, డిస్కు పేరు చిరునామాలో ఉండరాదని ఆయన సలహా. పుట పుట్టిన తేదీ ఉండవచ్చును.

విశ్వవిద్యాలయముల వాడుక దీనికి సరిగా ఎదురు నడచినది. యూనిక్స్ యంత్రమున అధ్యాపకుడు తన ఖాతాలో ‘పబ్లిక్ హెచ్.టి.ఎం.ఎల్.’ అను సంచి తెరచి పాఠములుంచిన చాలును. టిల్డె అను అలగుర్తు వెనుక ఆయన లాగిన్ పేరే చిరునామా అగును. సర్వరు నిర్వాహకుడు ఒక్కసారి వీలు కల్పించినచో, ప్రతి పుటకును అనుమతి కోరనక్కరలేదు. ఇంత సుళువైన పద్ధతి వ్యాపించుటలో వింత యేమి? కాని అధ్యాపకుడు విరమించి, ఖాతా మూతపడగానే, ఏండ్ల తరబడి కూర్చిన పాఠములు 404 అను అంకెగా మిగులును. ఎక్కడో దూరపు ఊరి విద్యార్థి అది తన పొరపాటే అనుకొనును!

వ్యాసమున ఒక లోపము కలదు. 2, 20, 200 సంవత్సరములు నిలువగల చిరునామాల నిచ్చుట వెబ్ నిర్వాహకుని విధి యని ఆయన అనెను. మంచిదే. అయితే అధ్యాపకుడు లేని పుటను దిద్దువా రెవరు? పాఠములోని తప్పు కూడ 200 ఏండ్లు నిలువవచ్చును గదా! తేదీ గల చిరునామా ఇచట కొంత ఆదుకొనును; పాఠ మెప్పటిదో చదువరికి తెలియును. మిగిలినది శాఖ చేయవలసిన పని: ఖాతా మూయకముందే పుటల ప్రతిని తన సర్వరునకు చేర్చుకొని, పాత చిరునామాకు వచ్చినవారిని అచటికి మళ్లించుట.