‘సంప్రదించి’ అన్న ఒక్క మాట

నల్లమల నుంచి లంకమల మీదుగా శేషాచలం దాకా పులి నడిచే దారిని ఇప్పుడు కారిడార్ అంటున్నారు. తెగిన అడవుల్ని కలపాలంటే, అందుకు ప్రభుత్వం డబ్బు పెట్టాలంటే మనకు అభ్యంతరం లేదు. అడవి ముక్కలైతే ముందు నష్టపోయేది మనమే. నా పేచీ ఆ డబ్బు వెంట వచ్చే కాగితాల్లోని మాటలతో.

అడవిని వేరే పనికి ఇచ్చినందుకు వసూలు చేసే సొమ్ము కోసం 2016లో ఒక చట్టం చేశారు. మనవాళ్లు కాంపా డబ్బులు అనేది దీన్నే. 2018 నాటి నియమాల ప్రకారం పనుల గురించి గ్రామసభను గానీ వనసంరక్షణ సమితిని గానీ ‘సంప్రదించి’ నిర్ణయిస్తారు. సంప్రదించడం ఎలా ఉంటుందో గూడేలకు తెలుసు. జీపు వస్తుంది, వేలిముద్రలు పడతాయి, జీపు పోతుంది. వన్యప్రాణుల కోసం జనాన్ని అడవి నుంచి తరలించాలంటే గ్రామసభ ‘అంగీకారం’ కావాలని 2006 అటవీ హక్కుల చట్టం రాసుకుంది. పన్నెండేళ్లకు ఆ మాట ఇంత చిక్కిపోయింది.

ఇంకో మాట ‘ప్రజాప్రయోజనం’. పులుల అడవుల్ని కలిపే నేలను చెడు పనులకు మళ్లించొద్దని వన్యప్రాణి చట్టమే అంటుంది. ప్రజాప్రయోజనమైతే, జాతీయ మండలి ఒప్పుకుంటే సరేనని అదే వాక్యంలో తలుపు తీస్తుంది. ఆ ప్రజల్లో మనం ఉన్నామా?

గుంటూరు–గుంతకల్ రైలు దిగువమెట్ట దాటాక నల్లమలను కోసుకుంటూ పోతుంది. దానికి రెండో లైను వేస్తున్నారు. కింద దారులు కడితే జంతువులు వాడుకుంటాయి. మహారాష్ట్రలో పెంచ్ దగ్గర 44వ జాతీయ రహదారి కింద పులులు నడవడం కెమెరాల్లో పడింది. అది వృథా ఖర్చు అనను. కానీ దోర్నాల–శ్రీశైలం దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేస్తారు. దానికి కావలసింది ఒక అడ్డకర్ర, కాపలాకు ఇద్దరు మనుషులు. అంత చవకైన పని గురించి ఎవరూ శిలాఫలకం వేయరు.

మాచర్ల, దుర్గి వైపు అడవి అంచు దాకా పత్తి, మిరప చేలే. మన ఆడవాళ్లు కాయకోతకు పోయేది అక్కడికే. పందులకని చేను చుట్టూ కరెంటు తీగ పెడితే దానికి పులీ చస్తుంది, చీకటితో నడిచొచ్చే కూలీ చస్తాడు. కారిడార్ పటంలో తీగ ఉండదు. బేస్‌క్యాంపుల్లో అడుగుజాడ చూసి చెప్పే చెంచు వాచర్లకు అది ఏ చేనుకుందో తెలుసు. పటం గీసేముందు వాళ్లను అడగాలి కదా.

టీచర్లకు ఒక పని. 2018 నియమాల్లోని ఆ వాక్యాన్ని తెలుగులో రాసి గ్రామసభలో పిల్లలతో చదివించండి. ‘సంప్రదించి’ దగ్గర ఆపి, పెద్దోళ్లు ఏమంటారో వినండి.