ఎడమ చేతిలో నిప్పురవ్వ

ఫోర్డ్ మోడల్ టీ కారు స్టీరింగు కింద రెండు చిన్న లివర్లుంటాయి. కుడివైపుది యాక్సిలరేటర్. ఎడమవైపుది నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నిర్ణయిస్తుంది. ఇప్పటి కార్లలో కంప్యూటర్ చూసుకునే ఈ పని అప్పట్లో డ్రైవరు చేతిలో ఉండేది. ఇంజను స్టార్ట్ చేయడానికి కారు ముందున్న హ్యాండిల్ తిప్పేముందు ఎడమ లివర్ని పూర్తిగా పైకి నెట్టి రవ్వను ఆలస్యం చేయాలి. మరిస్తే పిస్టన్ పైకి చేరకముందే పెట్రోలు అంటుకుని హ్యాండిల్ వెనక్కి కొడుతుంది, మణికట్టు విరుగుతుంది. అందుకే బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే పెట్టి, ఎడమ చేత్తో కిందినుంచి పైకి లాగమనేవారు. ఇంజను అందుకున్నాక లివర్ని మెల్లగా దించుతూ చప్పుడు వింటూ సరిచేసుకోవాలి. ఇది చెవితో నేర్చుకునే విద్య.

1908 నుంచి 1927 వరకు కోటిన్నర దాకా తయారైన ఈ కారుకు మొదట్లో బ్యాటరీ అక్కర్లేదు. ఫ్లైవీలుకు బిగించిన 16 అయస్కాంతాలు తిరుగుతుంటే, ఎదురుగా కదలకుండా ఉన్న 16 తీగచుట్టల్లో కరెంటు పుట్టేది. ఈ ఏర్పాటే మాగ్నెటో. డ్రైవరు ముందున్న పెట్టెలో సిలిండరుకొకటి చొప్పున నాలుగు కాయిళ్లు. టైమర్ ఏ కాయిల్‌కు దారి ఇస్తే దాని పాయింట్లు జుయ్యిమని కొట్టుకుని, ఒకటి కాదు, వరసగా రవ్వలు కురిపించేవి. ఆ పాయింట్ల బిగువును మీటరు మీద 1.3 ఆంపియర్లకు సరిచేస్తే ఇంజను ఎంత నున్నగా నడుస్తుందో విన్నవాళ్లకే తెలుస్తుంది.

హెడ్‌లైట్లు 1915 వరకు గ్యాస్‌వే. తర్వాత వాటికీ మాగ్నెటో కరెంటే ఇచ్చారు. ఇంజను వేగం పెరిగితే వెలుగు పెరిగేది, నెమ్మదిస్తే మినుకుమనేది. వెలుగు బాగా కావాల్సింది గోతుల దగ్గర నెమ్మదించినప్పుడే కదా! పైగా రెండు బల్బులూ ఒకే వరసలో ఉండటం వల్ల ఒకటి మాడితే రెండోదీ ఆరిపోయేది.

హ్యాండిల్ తిప్పే బాధ తప్పిస్తూ 1912 క్యాడిలాక్‌లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. ఫోర్డ్ 1919లో స్టార్టర్, డైనమో, 6 వోల్టుల బ్యాటరీ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ డైనమోలో మూడో బ్రష్ ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ ఆర్మేచర్ కరెంటు డైనమో అయస్కాంత క్షేత్రాన్ని వంచడంతో ఆ బ్రష్‌కు అందే వోల్టేజీ తగ్గి, చార్జింగ్ అదుపులో ఉంటుంది. చాలా తెలివైన ఏర్పాటు. కానీ బ్యాటరీ నిండిందో లేదో దానికి తెలియదు. పగలు దూరం నడిపితే బ్యాటరీ నీళ్లు మరుగుతాయి, రాత్రి లైట్లు వేస్తే చార్జింగ్ చాలదు. అందుకే పగటి ప్రయాణంలోనూ లైట్లు వేసుకోమని సలహా ఇచ్చేవారు, రుతువును బట్టి బ్రష్‌ను జరిపేవారు. ఇంకో ప్రమాదం డైనమోకూ బ్యాటరీకీ మధ్య స్విచ్‌లా పనిచేసే కటౌట్‌ది. ఇంజను ఆగాక దాని పాయింట్లు అతుక్కుపోతే బ్యాటరీ కరెంటు వెనక్కి పారి డైనమో చుట్టలు మాడతాయి.

ఈ లోపాలను దిద్దడంలోనే ఇప్పటి పునరుద్ధరణ నిపుణుల పనితనం తెలుస్తుంది. మంచి పనివాళ్లు డైనమో పీకి ఆల్టర్నేటర్ పెట్టరు. పాత కటౌట్ డబ్బా లోపలే వోల్టేజీ రెగ్యులేటర్ అమరుస్తారు, బయటికి ఏమీ మారినట్టుండదు. కాయిల్ పెట్టెలో తారు తొలగించి, చెడిపోయిన కాగితపు కెపాసిటర్ స్థానంలో కొత్తది పెడతారు. వెనక బ్రేక్ లైటు వేస్తారు. నేటి రద్దీలో అది తప్పనిసరి, ఇందులో అంతా పాతదే ఉండాలన్న పట్టింపు పనికిరాదు.

ఇగ్నిషన్ మొత్తం ఎలక్ట్రానిక్ చేసేయడం మాత్రం నాకు నచ్చదు. ఎడమ లివర్ పని పోతే ఆ కారుని నడిపే విద్యే పోతుంది. మీ దగ్గరో, మీ బంధువుల ఇంట్లోనో ఇలాంటి పాత కారు ఉంటే ఒక్కటి పాటించండి: ఏం మార్చినా మళ్లీ వెనక్కి పెట్టడానికి వీలుగా మార్చండి, తీసిన భాగాన్ని పాతసామాన్ల వాడికి ఇవ్వకుండా చీటీ కట్టి దాచండి.