తొక్క నుంచి బొంత దాకా: తెలుగింటి పొదుపు పనితనం

బీరకాయ పొట్టు, ఉలవలు ఉడికిన నీళ్లు, గానుగలో నూనె తీయగా మిగిలిన తెలగపిండి, పులిసిపోయిన మజ్జిగ, కట్టి కట్టి మెత్తబడిన నేతచీర. మొన్నమొన్నటి దాకా తెలుగిళ్లలో వీటిలో ఏదీ చెత్తకుప్పకు చేరేది కాదు. ఒక్కోదానికీ ఒక వంటో, ఒక వాడుకో ఖాయమై ఉండేది. మనిషి తినలేనిది కుడితి తొట్టిలోకి, పశువు ముట్టనిది పెంటకుప్పలోకి, అక్కణ్ణుంచి ఎరువుగా పొలంలోకి వెళ్లేది. దీన్ని పేదరికం నేర్పిన సర్దుబాటుగా కొట్టిపారేసేవాళ్లు, కలిగిన ఇళ్లలోనూ ఇదే పద్ధతి నడిచిందన్న సంగతి మరిచిపోతారు. చేయి తిరిగినవాళ్లకే పట్టుబడే పనితనం ఇది. తెలుగువాళ్ల భోజనంలో మేలైన రుచులు కొన్ని ఇందులోంచే వచ్చాయి.

అందుకు మొదటి సాక్ష్యం బీరపొట్టు పచ్చడి. కాయను చెక్కు తీయకముందే కడగాలి. తీశాక కడిగితే పొట్టు నీరు పీల్చుకుని, వేగకుండా ఉడికిపోతుంది. పైనున్న గట్టి ఈనెలను ముందే గీకేయాలి, లేకపోతే పచ్చడి పీచుపీచుగా నోటికి తగులుతుంది. కాయ కొసన చిన్న ముక్క కొరికి చూడటం పాతవాళ్లు ఏనాడూ మానని జాగ్రత్త. చేదు తగిలితే కాయతోపాటు పొట్టునూ పారేయవలసిందే, ఆ చేదు కడుపుకు కీడు చేస్తుంది. బాగున్న పొట్టును కొద్ది నూనెలో, సన్నసెగ మీద, తేమంతా పోయి అంచులు ముడుచుకునేదాకా వేయించాలి. మినప్పప్పు, శనగపప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు విడిగా వేగాలి. రోట్లో ముందు పోపు, ఉప్పు, చింతపండు నలిగాక చివర్లో పొట్టు వేసి నాలుగు పోట్లు వేస్తే చాలు. మిక్సీలో తిప్పితే అంతా ఒకే ముద్ద అవుతుంది. రోట్లో నూరితే పప్పు పలుకు ఒక ముద్దలో, పొట్టు కమ్మదనం మరో ముద్దలో తెలుస్తాయి. నిజం చెప్పాలంటే బీరకాయ కూర కన్నా పొట్టు పచ్చడే గొప్ప వంట. కూరలో నీరెక్కువ, కాయ రుచంతా పొట్టులోనే దాగి ఉంది.

సొరకాయ తొక్క, అరటికాయ తొక్క ఇదే దారిలో పచ్చళ్లవుతాయి. పుచ్చకాయ ఎర్రటి గుజ్జు తిన్నాక మిగిలే తెల్లటి చెక్క పప్పులోకీ కూరలోకీ పనికొస్తుంది. పనసగింజలు పులుసులో ఉడుకుతాయి. అరటి గెల దించాక చెట్టును కొట్టేస్తే లోపలి దూట కూరకు, పువ్వు మరో కూరకు, ఆకు విస్తరికి. బూడిదగుమ్మడి వడియాలు పెట్టేవాళ్లు కాయ తొక్క తీయరు. తొక్క ఉండబట్టే ముక్క ఎండలో ఎండినా నూనెలో వేగినా చెదరకుండా నిలుస్తుంది.

ఈ విద్యలో శిఖరం ఉలవచారు. ఎడ్లకు దాణాగా ఉలవలు ఉడికించే ఇళ్లలో గింజలు గాటిలోకి పోగా మిగిలిన నీళ్లే దానికి మూలమని కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అందరూ చెప్పుకునే మాట. ఆ కట్టును చింతపండు పులుసు, ఉల్లిపాయ, మిరపకాయలతో సన్నసెగ మీద గంటల తరబడి మరిగిస్తారు. చిక్కదనం మరగడంవల్లే రావాలి, మరే పొడివల్లా కాదు. విస్తట్లో వేసినప్పుడు పరుగెత్తకుండా అన్నాన్ని పట్టుకుని నిలిస్తే అది కాచినవాళ్లు ఘనులే. పైన మీగడో వెన్నో పడితే ఇక ఆ రుచికి సాటి లేదు. గొడ్లచావిడిలో పుట్టిన ఈ చారు నేడు పెళ్లి విందుల్లో బిర్యానీ పక్కన కూర్చుంటోంది.

భక్ష్యాల చారు కూడా ఈ కోవలోదే. తెలంగాణలోనూ రాయలసీమలోనూ పండగనాడు భక్ష్యాలకు శనగపప్పు ఉడికించి వార్చిన నీళ్లను పారబోయరు. అందులో చింతపండు, కారం, పోపుతోపాటు చిటికెడు పూర్ణం కూడా కలిపి చారు కాస్తారు. పులుపు, కారం, తీపి మూడూ సమంగా నిలిపే చారు ఇంకొకటి చూపించడం కష్టం. తెలగపిండి కథ కొంచెం వేరు. నువ్వుల నూనె గానుగ ఆడగా మిగిలే ఈ పిండిని మునగాకుతో కలిపి వండి కోస్తా జిల్లాల్లో బాలింతలకు పెడతారు, వడియాలూ పెడతారు. అయితే అది గానుగపిండే అయి ఉండాలి. రసాయన ద్రావణులతో నూనె పిండేసిన మిల్లు చెక్క పశువుల దాణాకే తప్ప మనుషుల వంటకు పనికిరాదు.

మిగిలిన అన్నం విషయంలో తెలుగువాళ్ల నేర్పు మరీ ఎక్కువ. రాత్రి మిగిలిన అన్నంలో అప్పుడే నీళ్లో మజ్జిగో పోసి పెడితే తెల్లారేసరికి పులిసి చద్దన్నం అవుతుంది. వేడి చల్లారాక గంటల తరబడి అలాగే వదిలేసిన పొడి అన్నం ప్రమాదం. పాతవాళ్లు రాత్రే నీళ్లు పోయడంలో ఉన్న తెలివి అదే. గంజిని కుండలో పులియబెట్టి తరవాణి చేసేవాళ్లు. కొన్ని ఇళ్లలో అందులో దబ్బాకు వేసేవాళ్లు. ఎక్కువ మిగిలితే ఉప్పు, జీలకర్ర, పచ్చిమిర్చి కలిపి మెదిపి అన్నం వడియాలు పెట్టేవాళ్లు. మజ్జిగ పులిస్తే మజ్జిగ పులుసు, ఇంకా పులిస్తే ఊరమిరపకాయలు లేదా పుల్లట్లు. ఇడ్లీ పిండి పుల్లబడితే పుణుగులు, గుంతపొంగణాలు. ఇందులో ఎక్కడా పాడైనదాన్ని తినమని లేదు. పాడయ్యేలోపే దాన్ని ఇంకో వంటలోకి మళ్లించడమే కిటుకు. రచయిత్రి మాలతీ చందూర్ పుస్తకం ‘వంటలు–పిండివంటలు’ మళ్లీ మళ్లీ అచ్చయి ఎన్నో ఇళ్లలో వంట నేర్పింది. కానీ ఎంత గొప్ప పుస్తకమైనా కొలతల దగ్గర ఆగిపోతుంది. పొట్టు వేగిన చప్పుడు, మజ్జిగ పులిసిన వాసన పక్కన నిలబడి నేర్చుకోవలసినవే.

నేర్పు లేని పొదుపు ప్రాణాలకే ముప్పు. తూర్పు కనుమల్లో గిరిజనులు మామిడి టెంకలోని జీడిని తిండిగా మార్చుకోవడం ఎరుగుదురు. పారే నీటిలో రోజుల తరబడి నానబెట్టి వగరు పోగొట్టి, ఎండబెట్టి, దంచి, జావ కాస్తారు. ఏ ఒక్క మెట్టు తప్పినా, నిల్వలో బూజు పట్టినా అదే విషం. 2001లో ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో టెంకజావ తాగి గిరిజనులు చనిపోయినప్పుడు, అవి ఆకలి చావులా విషాహారమా అన్న వాదన దేశమంతటా సాగింది. వంద తప్పులు దిద్దుకుంటూ తరాలు పోగుచేసిన జ్ఞానాన్ని తేలిగ్గా చూడకూడదని చెప్పడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ అక్కర్లేదు.

తినడానికి పనికిరానివీ వృథా పోలేదు. చింతపండు పిసికిన తుక్కు, బూడిద, కొబ్బరిపీచు కలిస్తే ఇత్తడి గిన్నెలు మెరిసేవి. కొబ్బరిచిప్ప గరిటె అయింది, ఈనెలు చీపురయ్యాయి, నలిగిన పంచె దీపానికి వత్తి అయింది. చింతగింజ మరీ దూరం వెళ్లింది. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర చెక్కగా రాలిన పొట్టును చింతగింజల పిండితో కలిపి ‘మక్కు’ చేస్తారు. బొమ్మ చేతులూ కాళ్లూ అతికేదీ, ముక్కూ చెవీ దిద్దేదీ దానితోనే. చేర్యాల చిత్రకారులైన నకాషీలు ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి పటాలు వేస్తారు, కొబ్బరిచిప్పల మీద మాస్కులు తీరుస్తారు. జాతీయ పురస్కారం అందుకున్న ధనాలకోట వైకుంఠం నకాష్ వంటి ఉద్దండుల చేతిలో ఆ జిగురు పూసిన గుడ్డ మీదే పురాణం కదిలింది. చిప్పకూ గింజకూ ఇంతకు మించిన గతి ఉంటుందా!

బట్టలకు వస్తే, బొంత ముందు మరేదీ నిలవదు. నాలుగైదు పాత నూలు చీరలు దానికి సరంజామా. రంగు నిలిచిన చీర పైకి, గట్టిగా ఉన్నది కిందికి, చిరుగులు పడినవి మధ్యకు. ముందుగా బాగా ఉతికి ఎండలో ఆరేయాలి. చాప మీద పొరలు పరిచి మూలల్లో రాళ్లో బిందెలో బరువు పెట్టి, అరచేత్తో నడిమి నుంచి అంచులకు దువ్వాలి. ఇక్కడ ఒక్క మడత మిగిలినా బొంత జీవితాంతం ఆ చోట గుచ్చుకుంటుంది. అంచులు లోపలికి మడిచి, పొడవాటి సూదితో అన్ని పొరలూ కలిసేలా ఎక్కి దిగే సాదా కుట్టు వేసుకుంటూ పోవాలి. కొందరు బారు వరసలు కుడతారు, కొందరు అంచు నుంచి మధ్యకు చదరం లోపల చదరంగా వస్తారు. దారం బిగిస్తే గుడ్డ ముడుచుకుంటుంది, వదులైతే వేలికి తగులుకుని తెగుతుంది.

మంచి బొంతను గుర్తుపట్టాలంటే వెనక్కి తిప్పి చూడాలి. కుట్టు రెండు వైపులా ఒకే ఎడంతో ఉండాలి, దారపు ముడి ఒక్కటీ కనపడకూడదు. గీత గీయకుండా, చట్రం లేకుండా, నేల మీద కూర్చుని మనిషి పొడవు మేర తిన్నగా వరస నడిపించే ఆడవాళ్లు తెలంగాణ, రాయలసీమ ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. వాడవాడా తిరిగి ఇంటి అరుగు మీదే కుట్టి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. పసిపిల్లలకు కొత్త దుప్పటి కన్నా అమ్మమ్మ చీరల బొంతే మేలనడంలో ఆప్యాయతతోపాటు లెక్క కూడా ఉంది. వందసార్లు ఉతికిన నూలు అంత మెత్తగా, చెమట పీల్చేదిగా కొత్త గుడ్డ ఉండదు. అదీ చిరిగితే కాళ్లపట్టా, ఆ తర్వాత మసిగుడ్డ, చివరికి పొయ్యిలోకి.

ఇదే పని బెంగాల్‌లో కాంథాగా, కర్ణాటకలో కౌదిగా, మహారాష్ట్రలో గోధడీగా వర్ధిల్లింది. కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ సేకరించిన కాంథాలు ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉన్నాయి. బెంగాలీ కవి జసీముద్దీన్ 1929లో కాంథా పేరుతోనే కావ్యం రాశాడు. ఉత్తర కన్నడ సిద్దీ స్త్రీల కౌదులను కళాప్రియులు వెతుక్కుంటూ వస్తున్నారు. పనితనంలో వాటికి ఏమాత్రం తీసిపోని తెలుగు బొంత మాత్రం అటకల మీదే ఉండిపోయింది. ఇది పాలకుల నిర్లక్ష్యం మాత్రమే అనలేం, సొంతవాళ్ల చిన్నచూపు కూడా.

ఆ చిన్నచూపే ఇంత నష్టం తెచ్చింది. నూలు చీర పోయి పాలియెస్టర్ వచ్చాక బొంతకు ముడిసరుకే కరువైంది. ఆ గుడ్డ చెమట పీల్చదు, మట్టిలో కలవదు. ఉన్న నేతచీరలను స్టీలు గిన్నెలకు మార్చుకున్నారు, జరీ చీరలను వెండి కోసం కాల్చేవాళ్లకు అమ్ముకున్నారు. అపార్టుమెంట్లలో కుడితి తొట్టి లేదు. బీరపొట్టు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టుకుని హైదరాబాద్ శివారు జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వంటి గుట్టల మీద కుళ్లుతోంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 63 కోట్ల టన్నులకు పైగా ఇళ్లలోంచి పోయిందే. భారతదేశపు ఇళ్లలో అది తలకు ఏడాదికి సుమారు 55 కిలోలు. నేర్పు పోతే ఏమవుతుందో ఈ అంకెలే చెబుతాయి.

నకళ్లు చూస్తే కడుపు మండుతుంది. పిండి కలిపి చిక్కబరిచిన పులుసును ఉలవచారు పేరిట అమ్ముతున్నారు. కొత్త మిల్లు గుడ్డను ముక్కలుగా కత్తిరించి, పాతదానిలా కనపడేందుకు రంగు వెలిసేట్టు చేసి, యంత్రం మీద కుట్టి ‘సంప్రదాయ బొంత’ అంటున్నారు. వాడుకున్న గుడ్డను కాపాడటానికి పుట్టిన కళ, కొత్త గుడ్డను నరకడానికి సాకు కావడం కన్నా అన్యాయం ఏముంది? బడుల్లో ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ పోటీల తీరూ అంతే. ఒక పాత సీసా కోసం జిగురు, మెరుపుల పొడి, థర్మోకోల్, స్ప్రే రంగులు కొత్తగా కొని, వారం తర్వాత అన్నీ కలిపి చెత్తలో వేస్తున్నారు. మళ్లీ వాడుకకు వచ్చిందా, చివరికి మట్టిలో కలుస్తుందా అన్న రెండు ప్రశ్నలకు నిలవని వస్తువును ఈ సంప్రదాయం కిందికి తేనేకూడదు.

చేయవలసింది పెద్దదేమీ కాదు. వెలిసిన నూలు చీరను గిన్నెల బండికి ఇవ్వకుండా దాచాలి, కుట్టగలిగిన చేతికి తగిన కూలి ఇచ్చి బొంత కుట్టించాలి. బడులు థర్మోకోల్ పోటీలు మాని బొంత కుట్టే అమ్మలను పిలిచి పిల్లల చేత నాలుగు వరసలు కుట్టించాలి. లేపాక్షి, గోల్కొండ హస్తకళల విక్రయశాలలు కొండపల్లి బొమ్మ పక్కన, చేర్యాల పటం పక్కన అసలైన చేతికుట్టు బొంతకు, కుట్టినామె పేరుతో సహా, ఒక అర కేటాయించాలి. కుట్టే తరం ఇంకా బతికే ఉంది. ఆలస్యం చేయకుండా వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.