కుర్చీకి ఎవరి పేరు?

మన సాహిత్య విమర్శలో ‘అనుకరణ’ అనే మాటను విచక్షణ లేకుండా వాడుతున్నారు. నవలనో, వచన కవితనో ఇంగ్లీషు నుంచి వచ్చిన రూపమని తేల్చేస్తే విమర్శ పూర్తయినట్లు భావిస్తున్నారు. ఈ ధోరణిని పరీక్షించడానికి సాహిత్యం వెలుపలి ఉదాహరణ ఒకటి తీసుకుందాం: పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు చేతుల కుర్చీ.

1748లో పాంపే తవ్వకాలు మొదలయ్యాక యూరప్ సంపన్నులకు ప్రాచీన గ్రీకు, రోమన్ రూపాల మీద మోజు పెరిగింది. కుర్చీలకు వంకర కాళ్లు పోయి, కిందికి సన్నబడే తిన్నని కాళ్లు, డాలు ఆకారపు వీపు వచ్చాయి. ఈ నవ్య సంప్రదాయ కుర్చీలను నేటికీ హెపుల్‌వైట్, షెరటన్ పేర్లతోనే పిలుస్తారు. హెపుల్‌వైట్ నమూనాల పుస్తకం ఆయన పోయిన రెండేళ్లకు, 1788లో వెలువడింది. ఆయన చేతిపని అని రూఢిగా చెప్పగల కుర్చీ ఒక్కటీ లేదు. 1791 నుంచి తన పుస్తకాన్ని వెలువరించిన షెరటన్ 1806లో పేదరికంలోనే మరణించాడు. మిగిలినవి పుస్తకాల పేర్లు. చిత్రిక పట్టిన లండన్ పనివాళ్లలో అత్యధికుల పేర్లు చరిత్రకెక్కలేదు.

మన విశాఖపట్నంలోనూ ఇదే జరిగింది. అక్కడి పనివారు కంపెనీ దొరలకు ఇంగ్లీషు ఫక్కీలో కుర్చీలు చేశారు. చెక్క మీద ఏనుగు దంతపు పలుచని రేకులు పరిచి, లతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపారు. అలాంటి దంతపు కుర్చీలను, మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ సొత్తు అమ్మకంలో, మూడో జార్జి 1781లో రాణి షార్లెట్ కోసం కొన్నాడు. కొన్నవాడి పేరుంది, సొంతదారు పేరుంది. చేసినవాడి పేరు లేదు.

ఇది అనుకరణేనా? కొలతలు వారివే. కాని ఆ లత మన తీరపు అద్దకం బట్టల అంచుల్లోని లతకు చుట్టం. అరువు రూపంలోనూ పనివాడి సృజన ప్రవేశించింది. అయితే అంతటితో సంబరపడేవారితోనూ ఏకీభవించలేం. లత మనదైనంతమాత్రాన కుర్చీ మనదైపోదు. నేల మీద కూర్చుని పనిచేసినవాడు దాన్ని దొర కూర్చునే ఎత్తుకు తయారుచేశాడు. మా బొల్లాపల్లి వైపు కూడా కుర్చీ అంటే అధికారమనే అర్థం.

కాబట్టి రూపం ఎక్కడిదో చెప్పడం విమర్శకు ఆరంభం మాత్రమే. అందులోకి రచయిత ఏ జీవితాన్ని తెచ్చాడు, ఆ రచన ఎవరి అవసరం తీరుస్తున్నది అన్నవి అసలు ప్రశ్నలు. నమూనా దొరికిందని అక్కడే ఆగిపోయే విమర్శకుడు, పనివాడి పేరు లేని ఆ వేలం జాబితానే మళ్లీ రాస్తున్నాడు.