కలలో మెలకువ పాతబడ్డాక

కల కంటూనే ‘ఇది కల’ అని మొదటిసారి తెలిసిపోయినప్పుడు కలిగే సంతోషం అంతా ఇంతా కాదు. గోడలోంచి చెయ్యి దూర్చవచ్చు, మేడమీంచి దూకి గాలిలో తేలవచ్చు, ఎప్పుడో పోయిన తాతగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడవచ్చు. కానీ ఆ సంబరమే గుండె దడ పెంచి, కాసేపటికే నిద్ర లేపేస్తుంది. తెల్లారాక పదిమందికి చెప్పుకోవాలనిపిస్తుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూపు మొదలవుతుంది. కలలో ఇలా ఎరుకతో ఉండడాన్నే లూసిడ్ డ్రీమింగ్ అంటారు. దాన్ని నేర్పుతామనే పుస్తకాలూ వీడియోలూ చాలావరకు ఈ తొలి సంబరం దగ్గరే ఆగిపోతాయి. ఎగరడం అలవాటై మోజు తీరాక మనిషికి ఏమవుతుందన్న ప్రశ్నను ఓపికగా పట్టించుకున్నది టిబెట్ బౌద్ధుల స్వప్నయోగం. కలలో ఎరుక తెప్పించే కిటుకులు ఇతరుల దగ్గరా ఉన్నాయి. ఆ ఎరుక వెంట వరసగా వచ్చే సంతోషానికీ, భయానికీ, విసుగుకూ కూడా సాధనలో ముందుగానే చోటు పెట్టినందుకు ఈ సంప్రదాయం నాకు గొప్పగా కనిపిస్తుంది.

యూరప్‌లో ఈ అనుభవాన్ని దాచుకోకుండా రాసినవాళ్ళలో ఒకడు ఫ్రెడెరిక్ వాన్ ఈడెన్. డచ్చి రచయిత, మనోవైద్యుడు. 1898 నుంచి 1912 దాకా తనకు ఎరుకతో వచ్చిన 352 కలలను నమోదు చేసుకుని, 1913లో వ్యాసం ప్రచురించాడు. ఒక కలలో ఆయన ద్రాక్షసారా గ్లాసును పిడికిలితో గట్టిగా కొట్టాడు. పగల్లేదు. కాసేపాగి మళ్ళీ చూస్తే పగిలి ఉంది! ముక్కల్ని కిటికీలోంచి విసిరితే ఘల్లుమన్న చప్పుడు వినిపించింది, దానికి బెదిరి రెండు కుక్కలు పారిపోయాయి. ఆ తర్వాత సీసాలోని ద్రాక్షసారా రుచి చూస్తే అచ్చం నిజమైనదానిలాగే ఉంది. ఇంత కుతూహలంతో కలను పరీక్షించిన మనిషే, ఇలాంటి కలలకు అటో ఇటో దయ్యాల కలలు తగులుకుంటాయనీ రాశాడు. ఆ దయ్యాలను ఎదురుగా చూసి పోల్చుకున్నాక భయం పోయేదట. సంబరం పక్కనే భయం ఉంటుందనీ, పోల్చుకోవడమే దానికి మందనీ ఆయనకు సొంత అనుభవం చెప్పింది.

ఇదంతా నిజమేనా అన్న అనుమానం చాలాకాలం ఉండేది. కలలు ఎక్కువగా వచ్చే నిద్రలో ఒళ్ళంతా సడలిపోతుంది గానీ కళ్ళు కదులుతూనే ఉంటాయి. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు ఆ వీలును వాడుకున్నాడు. అలన్ వర్స్లీ అనే వ్యక్తి ముందుగా అనుకున్న ప్రకారం కలలోంచి కళ్ళను ఎడమకూ కుడికీ తిప్పి సైగ చేస్తే, కళ్ళ కదలికలను నమోదుచేసే యంత్రం దాన్ని గీసింది. కొద్ది సంవత్సరాల తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబెర్జ్ విడిగా అదే నిరూపించాడు. 2021లో ప్రచురించిన ప్రయోగాల్లోనైతే నిద్రలో ఉన్న మనుషులు తమకు వినిపించిన చిన్న కూడికలకూ తీసివేతలకూ కళ్ళ కదలికలతో జవాబిచ్చారు.

స్వప్నయోగం ఈ యంత్రాలకు దాదాపు వెయ్యేళ్ళ ముందుది. తిలోపా నుంచి నారోపాకు, నారోపా నుంచి మర్పాకు, మర్పా నుంచి మిలరేపాకు, ఇలా గురువు నుంచి శిష్యుడికి వచ్చిందని టిబెట్ బౌద్ధంలోని కగ్యూ సంప్రదాయం చెబుతుంది. నారోపా ఆరు యోగాల్లో ఇది ఒకటి. టిబెట్‌లోని మరో సంప్రదాయమైన బొన్‌లోనూ స్వప్నసాధన బలంగా ఉంది. కలకు సంబంధించిన పని అయినా ఇది మొదలయ్యేది పగలే. నడుస్తున్నా, తింటున్నా, ఎవరితోనైనా మాటామాటా వచ్చినా ‘ఇదీ కలలాంటిదే’ అని గుర్తుచేసుకుంటూ ఉండాలి. అద్దం సాధన ఒకటుంది. అద్దంలో కనిపించే తన రూపాన్నే నోరారా పొగడాలి, తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాలి. పొగిడితే లోపల ఎక్కడ పొంగింది, తిడితే ఎక్కడ చురుక్కుమంది అని చూసుకోవాలి. పొగడ్తా తిట్టూ తగిలింది ఒట్టి ప్రతిబింబానికే కదా! ఈనాటి లూసిడ్ డ్రీమింగ్ పాఠాల్లోనూ పగటి పరీక్షలున్నాయి. పుస్తకంలో ఒక వాక్యం చదివి, చూపు మరల్చి మళ్ళీ చదవమంటారు; కలలో అయితే అక్షరాలు మారిపోతాయి. అవి మారకపోతే, ఇది మెలకువేనని తేల్చుకుని మన పనిలో పడతాం. టిబెట్ సాధన అక్కడ తేల్చుకోనివ్వదు. మెలకువలోని కోపాన్నీ మురిపాన్నీ కూడా పట్టుకుని విప్పి చూడమంటుంది. రెండిటి దారులూ ఇక్కడే వేరుపడతాయి.

రాత్రి కుడిపక్కకు తిరిగి, కుడిచెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకోవాలి. బుద్ధుడి పరినిర్వాణ శిల్పాల్లో మనం చూసే సింహశయ్య అదే. గొంతు దగ్గర నాలుగు రేకుల ఎర్రతామరనూ, అందులో వెలిగే అక్షరాన్నీ భావించుకుంటూ, ‘ఈ రాత్రి కలను కలగా పోల్చుకుంటాను’ అని సంకల్పం చెప్పుకుని నిద్రలోకి జారాలి. ఈ పనికి తెల్లవారుజాము అనువైనదని సాధకుల మాట. కలల నిద్ర రాత్రి గడిచేకొద్దీ నిడివి పెరుగుతుందని ఇప్పటి నిద్రాశాస్త్రం కూడా చెబుతోంది.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం ఆటంకాల గురించిన బోధ. టిబెట్‌లో బౌద్ధాన్ని నాటినవాడిగా చెప్పే పద్మసంభవుడి పేరుతో వచ్చిన ఉపదేశాలు ఎరుక చెదిరిపోయే తీరులను నాలుగుగా చెబుతాయి. కల అని తెలియగానే మెలకువ వచ్చేయడం ఒకటి. కొత్తవాళ్ళ సంబరం పని చెడగొట్టేది ఇక్కడే. దానికి ధ్యాసను గుండె కిందికి దించి, అరికాళ్ళలో నల్లని బిందువును భావించమన్నారు. గుర్తించి కూడా మరుక్షణమే మరచిపోయి కలలో కొట్టుకుపోవడం రెండోది. తలపులు గజిబిజిగా ఉండి గుర్తింపే కుదరకపోవడం మూడోది. కావాలి కావాలి అన్న తపనతో అసలు నిద్రే పట్టకపోవడం నాలుగోది. నెలల తరబడి ప్రయత్నించి, ఏమీ జరగక, తన మీద తనకే చిరాకు పుట్టి వదిలేసినవాళ్ళు ఎందరో ఉంటారు. వాళ్ళ నిరాశ ఈ జాబితాలో ఎప్పుడో చేరి ఉంది. చేతకానితనమని వాళ్ళను ఎవరూ వేలెత్తి చూపలేదు, ఒక్కో అవస్థకూ ఒక్కో ఉపాయం చెప్పారు.

ఎరుక నిలిచాక ఇక కలను మార్చడం. చిన్నదాన్ని పెద్దది చేయాలి, ఒకదాన్ని వంద చేయాలి, నిప్పును నీరు చేయాలి. ఇదంతా గారడీలా కనిపిస్తుంది, నిజానికి సరదాగానే ఉంటుంది. సరదా పడొద్దని గురువులు అనరు. అయితే అక్కడే ఉండిపోనివ్వరు. మంట ఎదురైతే పారిపోకుండా అందులోకి నడవమంటారు, మృగం తరిమితే నిలబడి ఎదుర్కోమంటారు. ఏదైనా కోరినట్టు మారిపోతోందంటే, ఏదీ గట్టిగా లేదనే కదా అర్థం! మంట కాల్చడం లేదంటే భయానికీ గట్టి పునాది లేదు. అలా చూస్తే విసుగు కూడా మంచి గుర్తే. కోరిందల్లా దొరికే చోట కోరికే పలచబడుతుంది. లూసిడ్ డ్రీమింగ్ ఆటగా మొదలుపెట్టిన మనిషి ‘ఇంతేనా’ అని మానేసేది సరిగ్గా ఈ మలుపులోనే. స్వప్నయోగం అదే మలుపులో కలను మార్చడం ఆపి, ఊరికే చూస్తూ ఉండమంటుంది. చివరికి కలే లేని గాఢనిద్రలోనూ ఎరుక వీడని స్థితిని వెతకమంటుంది. దాన్ని వాళ్ళు ప్రభాస్వరం అన్నారు.

ఈ చూపు వెనక బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి ఆలోచన ఉంది. పుట్టడం, ఉండడం, నశించడం అన్నీ కలలాంటివి, మాయలాంటివి, గంధర్వనగరం లాంటివి అని మూలమధ్యమకకారికలో వాదించినవాడు ఆయన. కృష్ణా తీరంలోని శ్రీపర్వతంతో, నేటి నాగార్జునకొండతో ఆయన పేరును ముడిపెట్టే సంప్రదాయం మనకు తెలిసిందే. ఆ తర్కం టిబెట్ గుహల్లో రాత్రిపూట చేసే సాధనగా మారిందని తలచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. అలారం పెట్టుకుని అర్ధరాత్రి లేచి మళ్ళీ పడుకునే పద్ధతిని కొందరు రోజూ పాటిస్తారు. నిద్ర చెడగొట్టుకుని చేసే ఏ సాధనా నిలవదు. మానసిక చికిత్సలో ఉన్నవాళ్ళు, ఏది కలో ఏది నిజమో అన్న తికమక ముందే ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా దీని జోలికి పోకూడదు. సంప్రదాయంలో కూడా ఇది గురువు దగ్గర, మిగతా సాధనలతో కలిపి నేర్చుకునేదే.

టిబెట్ వాళ్ళు ఇంత శ్రమ కల కోసమే పడలేదు. చావుకూ మరుజన్మకూ నడుమ బార్దో అనే దశ ఉందని వారి విశ్వాసం. అక్కడ ఎదురయ్యే వెలుగులూ భయంకర రూపాలూ తన మనసువేనని గుర్తుపట్టగలిగితే విముక్తి, పట్టలేకపోతే మళ్ళీ పుట్టుక. ఆ గుర్తింపుకు రోజూ దొరికే అభ్యాసం కల. అందువల్ల వాళ్ళ లెక్కలో కలలో ఎంత ఎత్తుకు ఎగిరాడన్నది సాధకుడికి కొలత కాదు. పీడకల వచ్చినప్పుడు పారిపోయాడా, పోల్చుకున్నాడా అన్నదే చూస్తారు.