పిక్కలకు రాసిన ముఖ తైలం

ఈ వారం నందిగామలో ఒక పెళ్లింట పెద్దావిడ కసురుకోవడం నాకు నచ్చలేదు. "ముఖానికి తెచ్చిన కుంకుమాది తైలం పిక్కలకు పూస్తావేంటే, దండగ!" పెళ్లికూతురు గబుక్కున సీసాకు మూత పెట్టేసింది.

ఒంటికి గానుగ నువ్వుల నూనె చాలన్నది నా పాత వాదన. కుంకుమాది తైలానికీ ఆధారం నువ్వుల నూనే. అందులో కుంకుమపువ్వు, మంజిష్ఠ, చందనం వంటివి వేసి కాస్తారు. రోజూ అభ్యంగం, అంటే ఒంటికి నూనె పట్టించుకోవడం, చేయమన్న ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు తలను, చెవులను, పాదాలను ప్రత్యేకించి చెప్పాడు. ఆ మాటలో ముఖం ఊసే ఎత్తలేదు.

ముఖాన్ని వదిలి ఒంటికే నూనె రాయడం మా ఇంట్లోనూ చూశాను. మా జగ్గయ్యపేట మెట్టలో మిరప కోతలప్పుడు కూలికెళ్లిన ఆడవాళ్లు పొద్దుగూకే వేళకు చేతులు మండుతూ వచ్చేవారు. ఎన్ని నీళ్లతో కడిగినా మంట దిగేది కాదు. మా నాయనమ్మ నూనె గిన్నె అరుగు మీద పెట్టి, "ముందు నూనె రాయండమ్మా, సబ్బు తర్వాత" అనేది. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ నూనెను సబ్బు వదిలిస్తుంది. చేతులు కడుక్కున్నాక మళ్లీ అదే గిన్నె. "వదినా, వీపుకు అందట్లేదు, కాస్త రాయవే" అంటూ మోచేతులకు, పిక్కలకు, పగిలిన మడమలకు పట్టించుకునేవారు. "మొహం జోలికి పోకండి, కళ్లు మండుతాయి" అని నాయనమ్మ హెచ్చరిక.

సీసాలు మానండి, గానుగకు పదండి అని ముగించాలనే కూర్చున్నాను. రాస్తుంటే పిక్కలకు తైలం పూసిన ఆ పెళ్లికూతురే సరైన పని చేసిందనిపిస్తోంది. చర్మంలో నూనె గ్రంథులు ముఖాన దండిగా ఉంటాయి, పిక్కల మీద చాలా తక్కువ. చలికి మొదట తెల్లబారేవి పిక్కలే. మొటిమల ముఖానికి పైనూనె చేటు కూడా చేయొచ్చు. చర్మం వైశాల్యంలోనూ కాళ్లదే పెద్ద వాటా: కాలిన గాయాలు చూసే డాక్టర్ల లెక్కలో తల, మెడ కలిపి ఒంట్లో 9 శాతం, రెండు కాళ్లు 36 శాతం.

అయితే మొక్కల నూనెలన్నీ ఒకటి కావు. వయోజనుల చర్మం మీద 2013లో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో ఆలివ్ నూనె చర్మపు రక్షణ పొరను బలహీనపరిచింది, పొద్దుతిరుగుడు నూనె బలహీనపరచలేదు. పైగా నూనె తేమను తెచ్చిపెట్టదు, ఉన్నదాన్ని పోనివ్వదు.

కాబట్టి అమ్మాయీ, స్నానమయ్యాక తడి పూర్తిగా ఆరకముందే ఆ తైలం తియ్యి. పిక్కలతో మొదలుపెట్టు. మిగిలితే ముఖానికి రెండు చుక్కలు, మిగలకపోయినా నష్టం లేదు.